ఇంటర్న్‌షిప్ దొరికేదాకా: అమెరికా ఎంబీఏ మొదటి సంవత్సరంలో నా అనుభవం

ఇండియానా రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 2023 ఆగస్టులో ఎంబీఏలో చేరాను. పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ముగించుకుని 2024 ఆగస్టు రెండో వారంలో తిరిగి క్యాంపస్‌కు వచ్చాను. ఈ ఏడాదిలో చదువుకు ఎంత సమయం పట్టిందో, ఆ ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడానికీ దాదాపు అంతే పట్టింది. మాది విజయవాడ. హైదరాబాద్‌లోని ఒక మందుల పంపిణీ సంస్థలో ఐదేళ్లు సరఫరా ప్రణాళిక విభాగంలో పనిచేసి, నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పుతో ఇక్కడికి వచ్చాను. డాలరు అప్పట్లో 83 రూపాయల దగ్గర ఉండేది. ప్రతి ఖర్చునూ ఆ అంకెతో హెచ్చవేసుకునే అలవాటు మొదటి ఆరు నెలలూ పోలేదు. నేను రాస్తున్నది సరఫరా రంగంలో ఉద్యోగం వెతికిన అనుభవం మాత్రమే. కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వైపు వెళ్లినవాళ్ల క్యాలెండరు ఇంతకంటే ముందే మొదలై ముందే ముగుస్తుంది.

విమానం ఎక్కకముందే, జులైలోనే, కెరీర్ ఆఫీసు నుంచి రెజ్యూమె పంపమని మెయిల్ వచ్చింది. నా దగ్గర ఉన్నది మూడు పేజీలది. అందులో ఫోటో, నాన్న పేరు, పుట్టిన తేదీ, చివర 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అన్న వాక్యం, దాని కింద సంతకం ఉండేవి. మొదటి విడతలోనే అవన్నీ ఎగిరిపోయాయి. ఒక్క పేజీ దాటకూడదు, ప్రతి పంక్తీ నేను చేసిన పనితో మొదలై దాని ఫలితంతో ముగియాలి, వీలైన చోటల్లా అంకె ఉండాలి. ఒక్కో విడత సవరణకు నాలుగైదు రోజులు ఆగవలసి వచ్చింది కాబట్టి ఆగస్టు చివరకు గానీ ఆ పేజీ ఖాయం కాలేదు. పేజీ కుదించే తొందరలో మా సలహాదారు రెండు పంక్తులను కొట్టేశారు. స్టాకిస్టుల నుంచి గడువు తీరిన మందులను వెనక్కి తీసుకునే పద్ధతిని నేను ఎలా మార్చానో చెప్పే పంక్తులవి. ఇక్కడి రిక్రూటర్లకు ఆ గొడవ అర్థం కాదని ఆమె అన్నారు, నేనూ ఒప్పుకున్నాను. ఆ రెండు పంక్తుల సంగతి మళ్లీ వస్తుంది.

తరగతులు మొదలైన వారం నుంచే ఒక నిమిషంలో మనల్ని మనం పరిచయం చేసుకునే సాధన చేయించారు. రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు ఎదురుగా కూర్చుని, గడియారం పెట్టి, నేను చెప్పిన ప్రతి విజయానికీ 'అందులో మీ వంతు ఏమిటి?' అని అడిగేవారు. బృందంతో కలిసి చేసిన పనిని నా పేరు మీద చెప్పుకోవడం మొదట్లో మొహం చెల్లనట్టుగా ఉండేది. కొంతకాలానికి అలవాటైంది గానీ ఇష్టం మాత్రం కాలేదు.

సెప్టెంబరులో కంపెనీల వాళ్లు సాయంత్రాలు క్యాంపస్‌కు వచ్చి తమ సంస్థ గురించి చెప్పే సభలు మొదలయ్యాయి. అసలు పని సభ అయిపోయాక ఉంటుంది. ఒక్కో ప్రతినిధి చుట్టూ ఏడెనిమిది మంది విద్యార్థులు వలయంగా నిలబడతారు. ప్రశ్న అడగాలి, పక్కవాళ్ల ప్రశ్నలు వినాలి, ఎవరినీ తొక్కేయకుండా మధ్యలో చోటు సంపాదించాలి, ఆపైన మర్యాదగా తప్పుకుని ఇంకో వలయంలోకి వెళ్లాలి. తప్పుకోవడమే అన్నిటికంటే కష్టం. సీనియర్లు చెప్పిన చిన్న చిట్కాలు నిజంగానే పనికొచ్చాయి. పేరు చీటీ కుడివైపు పెట్టుకుంటే కరచాలనం చేసేటప్పుడు ఎదుటివారి చూపు దాని మీదికి సులువుగా పోతుంది. గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవాలి, లేకపోతే తడిచేత్తో కరచాలనం చేయవలసి వస్తుంది. అక్కడ పెట్టే తిండిని నమ్ముకుని ఆకలితో వెళ్లకూడదు. శాకాహారులకు సాధారణంగా క్యారెట్ ముక్కలు, చీజ్ తప్ప ఏమీ ఉండవు, ఉన్నా తింటూ మాట్లాడటం కుదరదు. ఊరి నుంచి తెచ్చుకున్న సూటు ఇక్కడి చలికాలానికి ఆగదని తెలిసి 320 డాలర్లు పెట్టి ఇంకొకటి కొన్నాను. ఎంతో ఉత్సాహంగా అచ్చు వేయించుకున్న విజిటింగ్ కార్డుల పెట్టె మాత్రం ఇప్పటికీ నిండుగానే ఉంది, ఎందుకంటే అందరూ ఫోన్ తీసి లింక్డ్‌ఇన్‌లోనే కలుపుకుంటున్నారు. సభ ముగిసిన 24 గంటల లోపు కృతజ్ఞతల మెయిల్ పంపాలని నియమం. ఏ మాట ఎవరు చెప్పారో మర్చిపోకుండా ఉండాలని ఆ రాత్రే, బూట్లు విప్పకముందే ఎక్సెల్ షీటులో రాసుకునేదాన్ని: పేరు, ఎవరి ద్వారా పరిచయం, ఏం చెప్పారు, నేను ఏం పంపుతానన్నాను, మళ్లీ ఎప్పుడు రాయాలి.

ఆ నెలాఖరులోనే అసలు అడ్డంకి ఎదురైంది. దరఖాస్తు ఫారాలన్నింటిలో ఒక ప్రశ్న ఉంటుంది: 'ఇప్పుడు గానీ, భవిష్యత్తులో గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా?' ఇంటర్న్‌షిప్‌కు కంపెనీ వీసా ఇప్పించనక్కరలేదు. ఒక విద్యా సంవత్సరం చదివాక, చదువులో భాగంగా పనిచేయడానికి విశ్వవిద్యాలయం ఇచ్చే సీపీటీ అనుమతితో పనిచేయవచ్చు. చదువు పూర్తయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు ఉంటుంది, కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తే మరో 24 నెలలు కలుస్తాయి. అంటే మూడేళ్ల దాకా కంపెనీకి పెద్ద భారమేమీ ఉండదు. ఆ వివరమంతా చెప్పుకునే చోటు ఫారంలో లేదు. 'అవును', 'కాదు' అన్న రెండు గుండ్రటి గుర్తులే ఉన్నాయి. 'కాదు' అని పెట్టేసి తర్వాత చూసుకుందామని చాలామంది సలహా ఇచ్చారు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగితే, భవిష్యత్తులో అవసరమయ్యే మాట నిజమే కాబట్టి 'అవును' అనే రాయాలని స్పష్టంగా చెప్పారు. నేను అలాగే రాశాను. రాత్రి పదకొండింటికి పంపిన ఒక దరఖాస్తుకు పదకొండూ ఐదుకల్లా తిరస్కారం వచ్చింది. దాన్ని మనిషి ఎవరూ చదవలేదని తెలిసినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్టోబరు మొదట్లో ఒక ఉద్యోగ మేళాకు షికాగో వెళ్లాను. బస్సులో నాలుగు గంటల పైనే ప్రయాణం, ముగ్గురం పంచుకున్న గదికి మనిషికి 70 డాలర్లు. అక్కడ చాలా కంపెనీల స్టాళ్ల ముందు సంభాషణ ఒకే రకంగా నడిచింది: నవ్వుతూ పలకరింపు, పాత ఉద్యోగం గురించి ఒక ప్రశ్న, తర్వాత వీసా మాట, దానితోపాటు 'ఈ ఏడాది మేము స్పాన్సర్ చేయడం లేదు' అన్న జవాబు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. అంత దూరం వెళ్లి ఈ ముక్క వినడం కంటే ఇంటి దగ్గరే తెలుసుకునే మార్గం ఉందని ఆ తర్వాతి వారం ఒక సీనియర్ చూపించారు. ఏ కంపెనీకి ఎన్ని హెచ్-1బీ ఉద్యోగ వీసాలు మంజూరయ్యాయో అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ తన సైటులో అందరికీ అందుబాటులో పెడుతుంది. ఏ ఉద్యోగానికి, ఏ ఊళ్లో, ఎంత జీతానికి దరఖాస్తు పెట్టారో కార్మిక శాఖ ప్రకటించే పట్టికల్లో ఉంటుంది. రెండు శనివారాలు కూర్చుని నా జాబితాను వాటితో సరిపోల్చాను. పెద్ద పేర్లు చాలా కొట్టుకుపోయాయి. నేనెప్పుడూ వినని చిన్న ఊళ్ల తయారీ కంపెనీలు కొన్ని వాటి స్థానంలో చేరాయి. నా దృష్టిలో ఈ వెతుకులాట మొత్తంలో అంత ఫలితమిచ్చిన పని మరొకటి లేదు, అయినా ఏ తరగతిలోనూ దీన్ని నేర్పరు.

ఇక మన వాళ్ల సంగతి. దిగిన రోజు నుంచి తెలుగువాళ్లు చేసిన సాయం చిన్నది కాదు. గది చూపించినవారు, విమానాశ్రయం నుంచి తీసుకొచ్చినవారు, కందిపప్పు, గోంగూర పచ్చడి డబ్బాల్లో పెట్టి పంపినవారు ఉన్నారు. ఉద్యోగం మాట వచ్చేసరికి మాత్రం దాదాపు అందరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లే. న్యూజెర్సీలో ఉన్న, అమ్మకు తమ్ముడి వరస అయ్యే మావయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి, 'ఎందుకమ్మా ఈ తిప్పలన్నీ, ఏదైనా టూల్ నేర్చుకుని కన్సల్టెన్సీలో చేరిపో, నేను మాట్లాడతాను' అనేవారు. ప్రేమతోనే అనేవారు. ఆయనకు ఏం జవాబు చెప్పాలో తెలియక 'చూస్తాను మావయ్యా' అని పెట్టేసేదాన్ని.

అందుకే పూర్వ విద్యార్థుల జాబితా మీద పడ్డాను. విశ్వవిద్యాలయం డైరెక్టరీలో ఇండియానా, ఒహాయో, ఇల్లినాయి రాష్ట్రాల్లో సరఫరా రంగంలో ఉన్నవాళ్లను వడపోసి, వారానికి ఐదారుగురికి చొప్పున రాశాను. మెయిల్ ఐదారు వాక్యాలు దాటనిచ్చేదాన్ని కాదు: నేనెవరు, వాళ్ల పనిలో నాకు తెలుసుకోవాలనిపించిన విషయం ఒకటి, ఇరవై నిమిషాల సమయం. ఉద్యోగం మాట అందులో ఉండదు. జవాబు వస్తే మూడు పనిరోజుల లోపే వచ్చేది; రాకపోతే వారం తర్వాత ఒకసారి గుర్తుచేసి, అప్పటికీ రాకపోతే వదిలేసేదాన్ని. సగానికి పైగా వదిలేసినవే. ముక్కూమొహం తెలియని వారిని సమయం అడగడం, అదీ అవసరం నాదై, నాకు చిన్నతనంగా తోచేది. మన దగ్గర అలాంటి పలకరింపు వెనక పైరవీ ఉంటుందని పెరిగినవాళ్లం కదా. ఇక్కడివాళ్లు మాత్రం దాన్ని అలా చూడరు. వాళ్లూ ఒకప్పుడు ఇలాగే అడిగినవాళ్లే. మాటలు దాదాపు అన్నీ జూమ్‌లోనే జరిగాయి. ఎదురెదురుగా కాఫీ తాగిన కొద్దిసార్లూ ఉద్యోగంలో ఉన్నవారే డబ్బులిచ్చారు. ఇరవై నిమిషాలు అడిగితే పద్దెనిమిదో నిమిషంలో మనమే ముగింపు మాట ఎత్తాలి. ఎదుటివారికి ఇష్టమైతే వాళ్లే పొడిగిస్తారు.

అక్టోబరు చివర మాట్లాడినావిడ వార్సాలో కృత్రిమ కీళ్లు తయారుచేసే ఒక ఆర్థోపెడిక్ కంపెనీలో ప్రణాళిక విభాగంలో పనిచేస్తున్నారు. పోలండ్ రాజధాని కాదు, ఇండియానాలోనే ఉన్న చిన్న పట్నం. మీకు రోజూ తలనొప్పి తెచ్చే పని ఏదని అడిగాను. మోకాలి మార్పిడికి ఏ సైజు భాగాలు సరిపోతాయో ఆపరేషన్ బల్ల మీద గానీ ఖాయంగా తేలదు కాబట్టి కంపెనీ అన్ని సైజులూ ఉన్న సరంజామాను ఆసుపత్రికి పంపుతుందనీ, వాడేవి నాలుగైదు భాగాలైతే మిగతావన్నీ వెనక్కి వస్తాయనీ, స్టెరిలైజ్ చేసి ప్యాక్ చేసిన ప్రతి భాగానికీ గడువు తేదీ ఉంటుందనీ, ఆసుపత్రులకూ గోదాములకూ మధ్య తిరిగే ఈ సరుకులో ఏది ఎక్కడ గడువు తీరబోతోందో కనిపెట్టడమే తన తలనొప్పనీ ఆవిడ చెప్పారు. వింటుంటే హైదరాబాద్‌లో మా గోదాము కళ్లముందుకొచ్చింది. స్టాకిస్టులు గడువు తీరేదాకా మందులు అట్టిపెట్టుకుని ఒకేసారి వెనక్కి పంపడం, ఆ నష్టం ఎవరిదన్న తగాదా, ముందు గడువు తీరేది ముందు కదిలేలా మేము పెట్టిన పద్ధతి, అన్నీ చెప్పాను. ఇరవై నిమిషాల మాట గంటకు దగ్గరైంది. 'ఇది మీ రెజ్యూమెలో ఎందుకు లేదు?' అని ఆవిడ అడిగారు. మర్నాడే ఆ రెండు పంక్తులనూ తిరిగి ఎక్కించి, వాటికి చోటు కోసం ఎక్సెల్, పవర్‌పాయింట్ వచ్చునన్న పంక్తిని తీసేశాను. సలహాదారు ఈసారి అభ్యంతరం చెప్పలేదు.

ఆవిడ నాకు సిఫారసు చేస్తానని అనలేదు, నేనూ అడగలేదు. ఆ సంభాషణ వల్ల నాకు దక్కింది వేరే: నా ఐదేళ్ల పనిలో ఈ దేశంలోని ఈ పరిశ్రమకు పనికొచ్చే ముక్క ఏదో తెలిసింది. కంపెనీ వెబ్‌సైటు ఎన్నిసార్లు చదివినా అది తెలిసేది కాదు. తర్వాత మాట్లాడిన ప్రతివారినీ అదే ప్రశ్న అడిగాను, మీ రోజువారీ తలనొప్పి ఏమిటని. ట్రక్కు విడిభాగాల కంపెనీలో ఒకరు, పెయింట్ల కంపెనీలో ఒకరు చెప్పిన జవాబులకు నా దగ్గర సరితూగే అనుభవం లేదని కూడా అలాగే తేలి, అటువైపు దరఖాస్తులు మానుకున్నాను. నవంబరులో ఒక తరగతిలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసం చదివించారు. బోస్టన్ దగ్గరి న్యూటన్‌లో, పరిచయస్థుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని ఆయన ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా అన్నవారు 16.7 శాతమే; అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవమన్నవారు 27.8 శాతం. నా షీటు ముందు పెట్టుకుని చూస్తే నాకు పనికొచ్చిన మాటలు చెప్పినవారంతా ఒకటి రెండుసార్లే కలిసినవారు. అయితే ఆయన లెక్కలో వీసా ప్రశ్న లేదు.

డిసెంబరు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పరీక్షలు, మంచు, ఐదున్నర దాటగానే చీకటి. సెలవుల్లో ఊరు వెళ్లినవాళ్లు వెళ్లారు; టికెట్టు ధర చూసి నేను వెళ్లలేదు. అమ్మ ఫోన్లో 'ఏమైనా తేలిందా' అని అడగడం మానేసిందని గమనించాను, అది అడిగినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

జనవరిలో వార్సా కంపెనీ ఇంటర్న్‌షిప్ ప్రకటన పడింది. దరఖాస్తు పంపి, ఆవిడకు రెండు వాక్యాల మెయిల్ రాశాను. నా పేరు నియామక విభాగానికి చెప్పానని రెండు రోజుల తర్వాత జవాబిచ్చారు. మూడు వారాలు ఏ కబురూ లేదు. ఫిబ్రవరి మొదటి వారంలో రికార్డు చేసి పంపే ఇంటర్వ్యూ వచ్చింది: తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, ఆలోచించుకోవడానికి అర నిమిషం, జవాబుకు రెండు నిమిషాలు, ఎదురుగా నా ముఖం తప్ప ఎవరూ ఉండరు. తల ఊపే మనిషి లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కెమెరా పక్కన మా అక్క ఫోటో అంటించుకుని ఆమెతో చెబుతున్నట్టు మాట్లాడాను. రెండు వారాలు దాటాక అరగంట ఫోన్ ఇంటర్వ్యూ జరిగింది, అక్కడ వీసా మాట నేనే ఎత్తాను. సాధారణంగా స్పాన్సర్ చేస్తారా అని అడుగుతాం. ఈలోగా నేర్చుకున్నదేమిటంటే, 'మీ సంస్థ ఈ-వెరిఫైలో ఉందా?' అని అడగడం మేలు. ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందో లేదో కంపెనీ ప్రభుత్వంతో సరిచూసుకునే ఆన్‌లైన్ పద్ధతి అది. స్టెమ్ పొడిగింపుకు తప్పనిసరి, పైగా హెచ్‌ఆర్ వాళ్లు వెంటనే జవాబు చెప్పగల ప్రశ్న. ఉందన్నారు. అప్పుడు మూడేళ్ల లెక్క వివరించడానికి దారి దొరికింది.

మార్చి మూడో వారంలో వార్సా రమ్మన్నారు. నాకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు లేదు, ఆ ఊరికి నేరుగా బస్సు లేదు. చెన్నై నుంచి వచ్చిన క్లాస్‌మేట్ తన కారులో మూడు గంటలు తీసుకెళ్లాడు. కంపెనీ మైలుకు 67 సెంట్ల చొప్పున ఇచ్చింది, ఆ చెక్కు మూడు వారాల తర్వాత వచ్చింది. ఫ్యాక్టరీ లోపలికి వెళ్లాలి కాబట్టి పాదం మొత్తం మూసి ఉండే, మడమ ఎత్తు లేని బూట్లు వేసుకోవాలని ముందురోజు సాయంత్రం మెయిల్ పెట్టారు. నేను సిద్ధం చేసుకున్నవి ఎత్తు మడమలవి. గదిలో ఉండే అమ్మాయి బూట్లు ఒక సైజు పెద్దవైనా మేజోళ్లు రెండు జతలు తొడుక్కుని వెళ్లాను. ఆ ఊళ్లో 1895లో రెవ్రా డెప్యూ అనే ఆయన విరిగిన ఎముకలకు కట్టే బద్దల తయారీ మొదలుపెడితే, ఈ రోజు ఆ పట్నం మొత్తం కీళ్ల పరిశ్రమ మీదే బతుకుతోందని ఫ్యాక్టరీ చూపించినాయన గర్వంగా చెప్పారు. ముగ్గురు విడివిడిగా ఇంటర్వ్యూ చేశారు. ఇద్దరు రెజ్యూమెలోని ఆ రెండు పంక్తుల మీదే వేలు పెట్టి అడిగారు. భోజనం కూడా ఇంటర్వ్యూలో భాగమే. కాల్చిన బంగాళాదుంప తింటూ గడువు తీరిన మందుల గురించి నలభై నిమిషాలు మాట్లాడాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ వచ్చింది. గంటకు 36 డాలర్లు, వారానికి 40 గంటలు, ఇంటి అద్దె కోసం ఒకేసారి 3,000 డాలర్లు. జవాబు వారంలో చెప్పాలి. ఆ 3,000 కూడా పన్ను పోగా రెండు వేల రెండు వందల పైచిలుకే చేతికొచ్చింది. అదే సమయంలో కొలంబస్‌లో మరో కంపెనీ ఇంటర్వ్యూ నడుస్తోంది. మరో ఐదు రోజులు గడువు అడిగితే ఏ ఇబ్బందీ పెట్టకుండా ఇచ్చారు. ఆ రెండోది తేలేలా లేదని వాళ్ల రిక్రూటరే నిజాయితీగా చెప్పడంతో వార్సాకు సంతకం చేశాను. ఒప్పుకున్నాక మాట తప్పితే కెరీర్ ఆఫీసు సేవలు నిలిపేస్తారు, ఈ సంగతి ప్రవేశం రోజునే రాయించుకుంటారు.

సీపీటీ కాగితాలకు రెండు వారాల పైన పట్టింది. ఆఫర్ లెటర్‌లో మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, వారానికి గంటలు, పనిచేసే చోటు చిరునామా అన్నీ ఉండాలి. మొదట ఇచ్చిన దాంట్లో చిరునామా లేక మళ్లీ రాయించాల్సి వచ్చింది. ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు ఇంకొకటి ఉంది: సీపీటీ కోసం వేసవిలో ఒక క్రెడిట్ కోర్సులో నమోదు కావాలి, దానికి వెయ్యి డాలర్లకు పైగా ఫీజు కట్టాను. మొదటి జీతం రావడానికి ఆరు వారాల ముందు కట్టవలసిన డబ్బు అది. సోషల్ సెక్యూరిటీ నంబరుకు పని మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. దానికి రుసుము లేదు, కార్డు పోస్టులో రెండు వారాలకు వచ్చింది.

సంతకం చేసిన రాత్రి షీటులో ఉన్న ప్రతివారికీ, జవాబిచ్చినవారందరికీ, ఫలానా చోట చేరుతున్నానని రాశాను. మావయ్యకు ఫోన్ చేస్తే, 'మోకాళ్ల కంపెనీయా? మీ అత్తకు ఏమైనా డిస్కౌంటు వస్తుందా' అన్నారు.

వార్సాలో కారు లేకుండా బతకడం కష్టం. అదే దారిన వెళ్లే మరో ఇంటర్న్‌కు వారానికి 40 డాలర్లు ఇచ్చి వేసవంతా నెట్టుకొచ్చాను. మొదటి జీతపు చీటీలో సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నుల కింద 7.65 శాతం కోశారు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఐదు క్యాలెండరు సంవత్సరాలు దాటని నాన్‌రెసిడెంట్ విద్యార్థులకు ఆ కోత లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం జతచేసి జీతాల విభాగానికి రాస్తే మూడో చీటీలో తిరిగిచ్చారు. చీటీ తెరిచి చూడని ఇద్దరు స్నేహితులకు ఆ డబ్బు ఇంకా రాలేదు.

జులై మధ్యలో జరిగిన సమీక్షలో పూర్తికాల ఉద్యోగం గురించి అడిగాను. పని బాగుందన్నారు. సెప్టెంబరు చివర బడ్జెట్లు తేలాకే పోస్టు ఉందో లేదో చెప్పగలమన్నారు. స్టెమ్ పొడిగింపుకు ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద మేనేజరు సంతకం చేయాలి, ఆయన ఆ ఫారం ఎన్నడూ చూడలేదు. దాన్ని ప్రింటు తీసి చూపిస్తే ఐదు నిమిషాలు చదివి, ఇందులో ఇబ్బందేమీ లేదే అన్నారు. హెచ్-1బీ రిజిస్ట్రేషన్ రుసుము 2025 మార్చి నుంచి 10 డాలర్ల బదులు 215 అవుతుందని హెచ్‌ఆర్ ఆవిడ చెప్పారు. పోస్టు ఉంటే ఆ ఖర్చు కంపెనీ లెక్క చేయదని కూడా అన్నారు. సెప్టెంబరు కబురు వచ్చేదాకా ఖాళీగా కూర్చోలేను కాబట్టి, నిన్ననే షీటులో కొత్త పేజీ తెరిచి మిన్నియాపొలిస్ వైద్య పరికరాల కంపెనీల్లో పనిచేసే నలుగురు పూర్వ విద్యార్థులకు రాశాను. ఒకరు గురువారం మధ్యాహ్నం మాట్లాడదామన్నారు.